షియాన్‌లో ఒక్క రోజు, పెద్దవాళ్లతో: గైడ్ ఎంతవరకు అవసరం, ఏవి వదిలేయాలి

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. సెప్టెంబరులో బీజింగ్ చూసుకుని, సాయంత్రం హైస్పీడ్ రైల్లో షియాన్ చేరతారు. మర్నాడు ఒక్కటే పూర్తి రోజు. నాన్నగారు గుంటూరులో రిటైరైన సోషల్ మాస్టారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. ఒక ట్రావెల్స్ వాళ్లు పంపిన 'ఫుల్ డే గైడెడ్ టూర్'లో మట్టి సైనికులు (చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా భూమిలో పాతిన మట్టి బొమ్మల సైన్యం), హువాచింగ్ ప్యాలెస్, కోట గోడ, బెల్ టవర్, ముస్లిం వీధి, పెద్ద పగోడా, మధ్యలో ఒక 'కల్చర్ సెంటర్', రాత్రికి డాన్స్ షో ఉన్నాయి. అది తీసుకోవచ్చా, అమెరికాలో ఉన్న అన్నయ్య వచ్చి కలిస్తే ఆయన వీసా సంగతేంటి అని అడిగారు.

ఆ టూర్ వద్దు. అది ఊరు చూడటం కాదు, హాజరు వేయించుకోవడం. నేను ఉద్యోగం మీద ఈ ఊళ్లోనే ఉంటున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా తిప్పి చూపించే పని నా నెత్తినే పడుతుంది కాబట్టి, పెద్దవాళ్లు ఎక్కడ ఉత్సాహంగా నడుస్తారో, ఎక్కడ బెంచీ వెతుక్కుంటారో నాకు బాగానే తెలుసు.

లెక్క వేయండి. మట్టి సైనికుల మ్యూజియం షియాన్ ఊళ్లో లేదు. తూర్పు వైపు లిన్‌తోంగ్‌లో ఉంది, 40 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పోవడానికి గంట, రావడానికి గంట, లోపల తక్కువలో తక్కువ మూడు గంటలు. సగం రోజు అక్కడే అయిపోతుంది. మిగతా సగంలో ఇంకో ఏడు ఐటమ్‌లు అంటే బస్సు కిటికీలోంచి చూపించడమే. పైగా గ్రూప్ టూర్ బస్సు నాలుగైదు హోటళ్ల దగ్గర ఆగి మనుషుల్ని ఎక్కించుకునేసరికి పొద్దున్న చల్లటి వేళంతా ట్రాఫిక్‌లో పోతుంది. 'కల్చర్ సెంటర్' అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదనుకుంటా. జేడ్ రాళ్ల షాపో, పట్టు దుప్పట్ల షాపో, బొమ్మల కార్ఖానానో అయి ఉంటుంది. బలవంతపు షాపింగ్‌ని, నష్టానికి టూర్ అమ్మి షాపుల కమిషన్లతో పూడ్చుకోవడాన్ని నిషేధిస్తూ చైనాలో 2013 అక్టోబరు నుంచి చట్టమే ఉంది. అందుకే ఇప్పుడు 'షాపింగ్' అనరు, 'కల్చర్' అంటారు. ఒకసారి మా బంధువులు నేను వద్దంటున్నా అలాంటి చౌక బస్సే ఎక్కారు. మ్యూజియంలో గంటంపావు, షాపులో గంటన్నర గడిపి వచ్చారు.

నా సలహా ఒక్కటే. గైడ్‌ని సగం రోజుకే మాట్లాడుకోండి, ఆ డబ్బంతా మట్టి సైనికుల దగ్గరే ఖర్చుపెట్టండి. మధ్యాహ్నం నుంచి మీరు ముగ్గురే మీ నడకకు తగ్గట్టు తిరగండి. గోడ ఎక్కడానికి, వీధిలో తినడానికి గైడ్ అక్కర్లేదు. మట్టి సైనికుల్ని మాత్రం గైడ్ లేకుండా చూస్తే పావుగంటలో అన్నీ ఒకేలా కనబడటం మొదలవుతుంది.

గైడ్‌ని ఎలా పట్టుకోవాలి? ప్రైవేట్ కారు, ఇంగ్లీషు మాట్లాడే గైడ్ కలిపి సగం రోజుకి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రభుత్వ లైసెన్స్ కార్డు ఉందా అని అడగండి, సిగ్గుపడక్కర్లేదు, వాళ్లకు ఆ ప్రశ్న మామూలే. దాంతోపాటు నేనైతే ఇంకో చిన్న ప్రశ్న వేస్తాను: "కంచు రథాలు ఎక్కడున్నాయి?" సైనికుల గుంటల పక్క హాల్లోనే అంటే ఆ మనిషి ఈ మధ్య అటువైపు వెళ్లలేదన్నమాట. 2021లో వాటిని చక్రవర్తి సమాధి ఉన్న లీషాన్ తోటలో కట్టిన కొత్త మ్యూజియానికి మార్చారు. ముందే మాట్లాడుకోలేకపోతే మ్యూజియం గేటు దగ్గర అధికారిక గైడ్ల కౌంటర్ ఉంటుంది, అదీ పర్వాలేదు. పార్కింగ్‌లో కారు దిగీ దిగగానే చుట్టుముట్టేవాళ్లని మాత్రం తలెత్తి చూడకండి.

టికెట్ 120 యువాన్లు. మన రూపాయల్లో ఎంతో ఆ రోజు రేటు చూసుకోండి. సైనికుల గుంటలు, లీషాన్ తోట రెండూ అందులోనే, మధ్యలో తిరిగే బస్సు ఉచితం. టికెట్ పాస్‌పోర్ట్ నంబరు మీద ముందే బుక్ చేయాలి, కాబట్టి ఆ రోజు అసలు పాస్‌పోర్టులు జేబులో ఉండాల్సిందే, జిరాక్సులు పనికిరావు. తెరిచేది ఎనిమిదిన్నరకు. మీరు హోటల్ నుంచి ఏడుకే బయల్దేరండి. పదింటికల్లా గ్రూప్ బస్సులు దిగుతాయి, ఆ తర్వాత రెయిలింగ్ దగ్గరకు చేరడమే ఒక యుద్ధం. పార్కింగ్ నుంచి గుంటల దాకా నడక చాలా ఉంటుంది. అమ్మగారికి బ్యాటరీ బండి టికెట్ కొనండి, పది నిమిషాల నడక మిగిలినా మిగిలినట్టే.

లోపల మూడు గుంటలు. చాలామంది గైడ్లు "చిన్నదాన్నుంచి పెద్దదానికి వెళ్దాం, ఆఖర్న అదిరిపోతుంది" అని మూడు, రెండు, ఒకటి వరసలో తిప్పుతారు. జనం లేని రోజైతే మంచిదే. సెప్టెంబరులో అయితే ఒకటో గుంటకే ముందు పరిగెత్తండి. 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, పైన రైల్వే షెడ్డు లాంటి కప్పు, కింద పదకొండు సందుల్లో బారులు తీరిన మనుషులు. ముందు వరసల ఫోటో తీసుకుని వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. మీరు అంచు వెంబడి చివరిదాకా నడవండి. అక్కడ పురావస్తు శాఖవాళ్లు విరిగిన ముక్కల్ని అతికిస్తుంటారు. తల లేని మొండెం ఒకటి, భుజానికి నంబరు కాగితం, చుట్టూ తాళ్లు, పక్కన ట్రేలలో వేళ్లూ మడమలూ. ముందు వరసల్లో ఠీవిగా నిలబడ్డవాళ్లు కూడా దొరికినప్పుడు ఇదే స్థితిలో ఉన్నారు. గుంటల మీద దూలాలతో వేసిన కప్పు కాలి, కూలి వాళ్ల మీదే పడింది. మూడు గుంటల్లో కలిపి దాదాపు 8,000 మంది ఉంటారని అంచనా. బయటికి తీసి నిలబెట్టింది అందులో కొంతే.

ముందు భాగంలోనే ఒక మూల 'బావి ఉన్న చోటు' అని చిన్న బోర్డు ఉంటుంది, గైడ్‌ని అడిగి చూడండి. 1974 మార్చిలో వర్షాల్లేక ఊరి రైతులు బావి తవ్వుతుంటే మట్టి తల ఒకటి బయటపడింది అక్కడే. నాన్నగారికి ఇది పాఠమే కాబట్టి మిగతా కథ ఆయనే మీకు చెబుతారు: చిన్ షి హువాంగ్ పదమూడేళ్లకు చిన్ రాజ్యానికి రాజవడం, క్రీ.పూ. 221లో మిగతా రాజ్యాలన్నీ కలిపేసి మొదటి చక్రవర్తి అనిపించుకోవడం, క్రీ.పూ. 210లో పోవడం. ఈ సైన్యం ఆయన సమాధికి కాపలా.

మంచి గైడ్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది రెండో గుంట హాల్లో. అక్కడ కొన్ని బొమ్మల్ని గాజు పెట్టెల్లో, మనిషి ఎత్తులో, చుట్టూ తిరిగి చూసేలా పెట్టారు. మోకాలు వేసి కూర్చున్న విలుకాడి వెనక్కి వెళ్లి కిందికి వంగండి. చెప్పు అడుగు కనబడుతుంది. మట్టి చెప్పు అడుగున కుట్లు ఉన్నాయి! మునివేళ్ల దగ్గరా మడమ దగ్గరా దట్టంగా, మధ్యలో పలచగా. జారకుండా ఉండటానికి నిజం చెప్పుకి ఎలా కుడతారో అలాగే. సమాధిలో పూడ్చేసే బొమ్మకి, అదీ కాలి అడుగున, ఎవరు చూస్తారని చేశాడు ఆ కుమ్మరి? మా ఆఫీసు పెద్దాయన ఒకరు ఆ ఒక్క చెప్పు దగ్గరే పావుగంట కూర్చుండిపోయారు. తర్వాత తల వెనక జడల ముడి చూడండి, వీపు మీద కవచం పలకల మధ్య మిగిలిన ఎర్రరంగు చూడండి. ఒకప్పుడు వీళ్లందరికీ ముఖానికి, బట్టలకి రంగులుండేవి. కింద పూసిన లక్క పొర మట్టిలోంచి బయటికి రాగానే ఎండి, ముడుచుకుని, నిమిషాల్లో రంగుని పట్టుకుని ఊడిపోయేది. తవ్వకం నిదానంగా సాగడానికి అదొక ముఖ్య కారణం.

ఇక్కడే గైడ్ మీద ఒక చెవి వేసి ఉంచండి. కంచు కత్తుల దగ్గర "రెండు వేల ఏళ్ల క్రితమే వీళ్లకు క్రోమియం పూత తెలుసు, అందుకే తుప్పు పట్టలేదు" అని చాలామంది ఇప్పటికీ గొప్పగా చెబుతారు. 2019లో వచ్చిన పరిశోధన ఆ క్రోమియం ఆయుధాల పిడులకూ కర్రలకూ పూసిన లక్క నుంచి అంటినదని తేల్చింది. కత్తులు నిలిచింది అక్కడి మట్టి గుణం వల్ల, కంచులోని తగరం పాళ్ల వల్ల. మాస్టారు ఉన్నారుగా, అడిగి చూడమనండి. గైడ్ నవ్వి ఒప్పుకుంటే మంచి గైడ్ దొరికినట్టే.

మూడో గుంట చిన్నది, సేనాధిపతుల స్థావరం అంటారు. పది నిమిషాలు చాలు.

తర్వాత ఓపిక మిగిలితే ఉచిత బస్సులో లీషాన్ తోటకి వెళ్లి కంచు రథాలు చూడండి. 1980లో దొరికినవి రెండు, అసలు రథంలో సగం సైజు, ఒక్కోటి మూడు వేలకు పైగా ముక్కల కూర్పు. గుర్రాల కళ్లేలకు బంగారం, వెండి. నా మట్టుకు ఇవి సైనికుల కంటే తక్కువేం కాదు. సమాధి గుట్టని మాత్రం దూరం నుంచి చూస్తే చాలు, పైకి చెట్లున్న మట్టిదిబ్బే. లోపల పాదరసపు నదులు పారించారని చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. పైమట్టిలో పాదరసం మామూలు కంటే ఎక్కువ ఉందని పరీక్షల్లో తేలింది. అయితే సమాధిని ఇంతవరకు తెరవలేదు. కాబట్టి ఏ టాక్సీ డ్రైవరైనా "భూగర్భ రాజప్రాసాదం లోపలికి తీసుకెళ్తా" అంటే అది సిమెంటుతో కట్టిన నమూనా అని అర్థం చేసుకోండి.

హువాచింగ్ ప్యాలెస్ దారిలోనే తగులుతుంది, అందుకే ప్రతి టూర్‌లోనూ ఇరికిస్తారు. తాంగ్ రాజవంశ కాలపు వేడినీటి స్నానఘట్టాలు, 1936 డిసెంబరులో అప్పటి చైనా నేత చియాంగ్ కై షేక్‌ని సొంత సేనానులే బంధించిన చోటు. చరిత్ర ఉంది, కాదనను. మీకున్న ఒక్క రోజులో మాత్రం వదిలేయండి. దానికి బదులు లిన్‌తోంగ్ రోడ్డు పక్కన దానిమ్మలు కొనుక్కోండి. ఆ ఊరు దానిమ్మలకు పేరుమోసింది, సెప్టెంబరు సగం దాటాక కాయ అందివస్తుంది.

ఒంటిగంటన్నరకు ఊళ్లోకి వచ్చేస్తారు. గైడ్‌కి నమస్కారం చెప్పి పంపేయండి. భోజనం చేసి, హోటల్లో గంటన్నర నడుం వాల్చనివ్వండి. ఈ విశ్రాంతి ప్లాన్‌లో పెట్టకపోతే సాయంత్రం మొత్తం అమ్మగారి మోకాళ్ల చుట్టే తిరుగుతుంది.

మూడున్నరకు పెద్ద పగోడా. స్టేషన్ పేరు దాయెన్‌తా, మెట్రో మూడు, నాలుగు లైన్లు రెండూ అక్కడ ఆగుతాయి. గుంటూరు మాస్టారు తప్పకుండా చూడాల్సింది ఇది. చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ మన దేశం తిరిగి 645లో ఈ ఊరికి చేరాడు. తెచ్చిన 657 గ్రంథాల్ని భద్రపరచడానికి 652లో ఈ పగోడా కట్టారు. ఆ తిరుగుడులోనే ఆయన మన ధాన్యకటకానికీ వచ్చాడు, అంటే మీ గుంటూరు పక్కన అమరావతి ప్రాంతానికి. అక్కడ కొన్ని నెలలుండి అభిధర్మం, అంటే బౌద్ధ తత్వశాస్త్రం, చదువుకున్నాడు. ఆరామాలు చాలా ఉన్నా ఎక్కువ భాగం పాడుబడ్డాయని, ఇరవై వరకు మిగిలాయని తన రాతల్లో నమోదు చేశాడు. వేంగినీ వర్ణించాడు. ఆంధ్ర చరిత్ర పాఠాల్లో ఆయన పేరు చెప్పని మాస్టారు ఉండరు. ఆ మనిషి కూర్చుని అనువాదాలు చేసిన గుడి ఆవరణ ఇది.

పగోడా ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్లు. మొదట ఐదంతస్తులే, వూ జతియెన్ మహారాణి కాలంలో మళ్లీ కట్టారు. పైకి ఎక్కడానికి వేరే టికెట్, ఇరుకు మెట్లు. అమ్మగారితో వద్దే వద్దు, పైన చూసేది కూడా పెద్దగా లేదు. కింద దక్షిణ ద్వారానికి రెండు పక్కలా గూళ్లలో రెండు రాతి శాసనాలున్నాయి, చెక్కింది 653లో. హ్యూయెన్ త్సాంగ్ అనువాదాలకు చక్రవర్తి రాసిన ముందుమాట అందులో ఉంది, అక్షరాలు ఆ కాలపు పేరుమోసిన లేఖకుడు ఛూ సుయ్‌లియాంగ్‌వి. చైనా వాళ్లు ఆ చేతిరాత కోసమే వస్తారు. చదవలేకపోయినా గాజు వెనక గీతల సన్నదనం చూడండి. గుడిలో కూర్చోవడానికి నీడ, బెంచీలు బోలెడు. 2015లో ప్రధాని మోదీని షీ జిన్‌పింగ్ ఇక్కడికే తీసుకొచ్చారు.

ఐదున్నరకు కోట గోడ, దక్షిణ ద్వారం వైపు నుంచి. స్టేషన్ యోంగ్‌నింగ్‌మెన్, రెండో లైను. ఇప్పుడున్న గోడ మింగ్ వంశపు తొలి రోజుల్లో, 1370లలో కట్టింది. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. కుర్రాళ్లు అద్దె సైకిళ్ల మీద చుట్టూ తిరుగుతారు. ఇటుకలు ఎగుడుదిగుడు, నడుం పట్టేస్తుంది. మీరు బ్యాటరీ బండి ఎక్కండి, లేదా ద్వారం దగ్గరే అరకిలోమీటరు నడవండి. ఎక్కేటప్పుడు మెట్లు తప్పవు, నిదానంగా ఎక్కించండి. ఇక్కడ సెప్టెంబరులో ఏడు దగ్గర పడుతుండగా పొద్దుగూకుతుంది, అప్పుడే గోడ మీది దీపాలు వెలుగుతాయి. వానపడితే గోడ మానేసి ముస్లిం వీధికి వెళ్లండి. సెప్టెంబరులో షియాన్‌లో ముసురు మామూలే, గొడుగు మర్చిపోకండి.

ముస్లిం వీధి గురించి ఉన్నమాట. డ్రమ్ టవర్ కమాను దాటితే మొదలయ్యే పెద్ద వీధి రాత్రిపూట తిరునాళ్లే. శాకాహారులకు ఆ పొగ, వేలాడే మేక తొడలు కష్టంగా ఉండొచ్చు. అక్కడ పంది మాంసం ఉండదు గానీ గొడ్డు మాంసం విరివిగా ఉంటుంది, మాంసం తినే అన్నయ్య వస్తే ఆయనా అడిగి తినాలి. ఆయనకైతే యాంగ్‌రౌ పావ్‌మో చెప్పండి. గట్టి రొట్టె చేతికిస్తారు, దాన్ని మనమే శనగగింజంత ముక్కలుగా తుంచి ఇవ్వాలి, వాళ్లు గొర్రె చారులో ఉడికించి తెస్తారు. సోమరితనంతో పెద్ద ముక్కలు చేస్తే వంటవాడు మొహం చిట్లిస్తాడు. అమ్మానాన్నలకి జెంగ్‌గావ్ బాగుంటుంది: జిగట బియ్యం, ఖర్జూరం లాంటి ఎర్ర పండు, రాజ్మా కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. చల్లటి లియాంగ్‌పీ నూడుల్స్, వెనిగర్, ఎండుమిరప నూనెతో. అసలు దొరికితే వదలకూడనిది యోపో నూడుల్స్. బెల్టంత వెడల్పు నూడుల్స్ మీద కారప్పొడి, వెల్లుల్లి వేసి మరిగే నూనె చుయ్‌మని పోస్తారు, మన తాలింపు వాసనే. మాంసం చారు, మాంసం పొడి వద్దని చెప్పాలి. 'మాంసం, చేప, గుడ్డు, ఎముకల రసం ఏవీ వద్దు' అని చైనీస్‌లో రాసి పెట్టమని పొద్దున్న గైడ్‌నే అడగండి, ఫోన్‌లో ఆ ఫోటో చూపిస్తే మూడు పూటలూ గడిచిపోతాయి. కాఫీ దొరక్కపోయినా వేడినీళ్లు ప్రతిచోటా దొరుకుతాయి. ఇన్‌స్టంట్ ఉప్మా, పచ్చడి సీసా తెచ్చుకుంటే ఇంకా ధైర్యం.

ఆ వీధి పక్క సందులోని పెద్ద మసీదుని మాత్రం చాలామంది దాటేస్తారు. చూడటానికి చైనా గుడిలానే ఉంటుంది: కప్పులు, చెక్క తోరణాలు, మినార్‌కి బదులు అష్టకోణపు మండపం. ప్రార్థన హాల్లోకి ఇతరుల్ని రానివ్వరు, తోటల్లో తిరగొచ్చు. వాన రోజైతే పగోడా తర్వాత అక్కడికే వెళ్లండి.

డాన్స్ షో మీ ఇష్టం. నేనైతే ఆ డబ్బుతో టాక్సీ ఎక్కి హోటల్‌కి వెళ్లమంటాను.

ఇక చిల్లర విషయాలు. అలీపే (చైనాలో డబ్బు చెల్లించే ఫోన్ యాప్) ఇండియాలోనే పెట్టుకుని ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఆన్ చేసిన క్రెడిట్ కార్డు కలపండి. 200 యువాన్లు దాటిన బిల్లుకి మూడు శాతం పడుతుంది. ఓటీపీ వచ్చే సిమ్ పనిచేస్తుండాలి. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ రావు. ఇండియా సిమ్ రోమింగ్‌లోనో, బయట కొన్న ఈసిమ్‌తోనో వస్తాయి. హోటల్ బెల్ టవర్‌కీ దక్షిణ ద్వారానికీ మధ్య తీసుకోండి. రెండో లైను మెట్రో నేరుగా షియాన్ నార్త్ రైల్వే స్టేషన్‌కి పోతుంది, మర్నాడు ఇబ్బంది ఉండదు. ప్రయాణాన్ని సెప్టెంబరు ఆఖరి వారంలోకి జరపకండి, అక్టోబరు 1 సెలవుల్లో ఈ ఊళ్లో కాలు పెట్టే చోటుండదు.

వీసా: ఇండియా పాస్‌పోర్ట్‌కి ముందుగా వీసా తప్పనిసరి. 240 గంటల వీసా లేని ట్రాన్సిట్ 55 దేశాలవాళ్లకి ఉంది, అందులో ఇండియా లేదు, అమెరికా ఉంది. అన్నయ్యది అమెరికా పాస్‌పోర్ట్ అయి, అమెరికా నుంచి షియాన్ వచ్చి అట్నుంచి ఇండియా వెళ్తుంటే, ఖాయమైన టికెట్ చూపించి ఆ సదుపాయం వాడుకోవచ్చు. మళ్లీ అమెరికాకే తిరిగి వెళ్తే కుదరదు, వచ్చిన దేశం ఒకటి, వెళ్లే దేశం వేరొకటి అయి ఉండాలి. గ్రీన్ కార్డు మీద ఉంటే ఆయనకీ మీలాగే వీసా కావాలి. రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనేముందు చైనా ఎంబసీ సైట్ ఒకసారి చూసుకోండి.

గైడ్ కుదిరాక నాన్నగారి ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో టైప్ చేసి రెండ్రోజుల ముందే పంపండి. ఆ విలుకాడి చెప్పు సంగతి మాత్రం అందులో పెట్టకండి, అక్కడ ఆయనే వంగి చూసుకోనివ్వండి.